గీత గీయని పోలీసు, ఆగని కెమెరా

గౌరవనీయులైన సంపాదకులకు,

నవంబరు 26 వచ్చిన ప్రతిసారీ మన పత్రికలూ చానళ్లూ ముంబయి దాడిని గుర్తు చేసుకుంటాయి. హేమంత్ కర్కరే, అశోక్ కామ్టే, విజయ్ సలస్కర్, తుకారాం ఓంబ్లే, మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్‌ల చిత్రాలు వేసి నివాళులర్పిస్తాయి. అది చేయవలసిన పనే. అయితే 2008 నాటి ఆ మూడు రాత్రుల్లో బందీలను కాపాడవలసిన యంత్రాంగం ఎక్కడ తడబడింది, ఆ వార్తను దేశానికి చెప్పవలసిన యంత్రాంగం ఎక్కడ హద్దు దాటింది, ఈ రెండు తప్పులూ ఒకదానికొకటి ఎలా ఊతమిచ్చుకున్నాయి అని చర్చించే వ్యాసాలు అరుదు. ఎప్పుడైనా వచ్చినా వాటిలో సగం మాటే ఉంటుంది. పోలీసు అధికారి రాస్తే నేరమంతా టీవీలది, పాత్రికేయుడు రాస్తే నేరమంతా పోలీసులది. ఘటనా స్థలం చుట్టూ గీత గీసి, ఆ గీత దగ్గర నిలబడి అధికారికంగా మాట్లాడే బాధ్యతను ఎవరికీ అప్పగించకపోవడంలోనే ఈ రెండు తప్పుల మూలం ఉందని నా అభిప్రాయం. తర్వాత వచ్చిన నిబంధన కూడా అందులో సగాన్నే సరిచేసింది.

సముద్రమార్గాన వచ్చిన పదిమంది ముష్కరులు ఆ రాత్రి ఛత్రపతి శివాజీ టెర్మినస్, లియోపోల్డ్ కేఫ్, కామా ఆసుపత్రి పరిసరాలు, తాజ్‌మహల్ హోటల్, ఒబెరాయ్ ట్రైడెంట్, యూదుల ప్రార్థనా కేంద్రమైన నారిమన్ హౌస్‌లపై దాడి చేశారు. 166 మంది చనిపోయారు. రైల్వేస్టేషన్‌లోనూ వీధుల్లోనూ జరిగింది కొన్ని గంటల నరమేధం. రెండు హోటళ్లలోనూ నారిమన్ హౌస్‌లోనూ జరిగింది బందీల సంక్షోభం. నవంబరు 26 రాత్రి మొదలైన ఆ సంక్షోభం తాజ్‌లో 29 ఉదయానికి గానీ ముగియలేదు. నా లేఖ ప్రధానంగా ఈ రెండో దాని గురించే.

ముందుగా పోలీసుల సంగతి. ఇటువంటి సందర్భంలో ఎవరు ఎక్కడుండాలి, ఎవరు ఎవరికి ఆదేశాలివ్వాలి అన్నది ముంబయి పోలీసుల దగ్గర కాగితం మీద ముందే రాసి ఉంది. దాడుల తర్వాత మహారాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఆర్.డి.ప్రధాన్ కమిటీ ఆ కాగితం ఆ రాత్రి అమలు కాలేదని తేల్చింది. అప్పటి పోలీస్ కమిషనర్ హసన్ గఫూర్ ఎక్కువసేపు ట్రైడెంట్ దగ్గరే తన వాహనంలో ఉండిపోయారనీ, నగరమంతటికీ కనిపించే నాయకత్వం కొరవడిందనీ అన్నది. ఇది ఆయన ధైర్యంపై చేసిన విమర్శ కాదు, కాల్పులు జరుగుతున్న చోటే ఆయన ఉన్నారు. అయితే ఒకేసారి అనేక చోట్ల దాడి జరుగుతున్నప్పుడు అన్ని చోట్లనూ కలిపి చూసే చోటు కంట్రోల్ రూమ్ ఒక్కటే. ఒక హోటల్ ముందు నిలబడితే మిగిలిన నగరం కనిపించదు.

దీని ఫలితం కామా ఆసుపత్రి పక్కన రంగ్‌భవన్ సందులో తేలింది. ఉగ్రవాద నిరోధక దళాధిపతి కర్కరే, అదనపు కమిషనర్ కామ్టే, ఎన్‌కౌంటర్ నిపుణుడిగా పేరున్న ఇన్‌స్పెక్టర్ సలస్కర్ ముగ్గురూ ఒకే వాహనంలో ఆ సందులోకి వెళ్లి ఒకేసారి నేలకొరిగారు. ముష్కరులు వారిని కిందికి లాగిపారేసి, గాయపడి వెనక పడివున్న కానిస్టేబుళ్లతో సహా అదే వాహనాన్ని తీసుకుపోయారు. జరిగిన ఘోరం ప్రాణాలతో మిగిలిన కానిస్టేబుల్ అరుణ్ జాదవ్ చెబితే గానీ కంట్రోల్ రూమ్‌కు స్పష్టంగా తెలియలేదు. ఆ రాత్రి ఎవరు ఎవరికి ఏమి చెప్పారో తెలుసుకోవడానికి కామ్టే సతీమణి సమాచార హక్కు చట్టం కింద వైర్‌లెస్ రికార్డుల కోసం పోరాడవలసి వచ్చిందంటే, మన వ్యవస్థ తన తప్పును తన వాళ్ల నుంచి కూడా ఎలా దాచుకుంటుందో ఊహించుకోవచ్చు. అదే వాహనం కాసేపటికి మెట్రో సినిమా కూడలికి వచ్చి అక్కడ గుమిగూడిన పోలీసుల మీదా విలేఖరుల మీదా తూటాలు కురిపిస్తూ దూసుకుపోయింది. పోలీసులూ విలేఖరులూ ఒకేచోట గుంపుగా ఎందుకున్నారని ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న అప్పుడే అడిగి ఉంటే ఆ తర్వాతి రెండు రోజులు మరోలా నడిచేవేమో.

తాజ్ లోపల మాత్రం వేరే కథ నడిచింది. ఒక డీసీపీ కొద్దిమంది సిబ్బందితో తొలి గంటల్లోనే హోటల్‌లోకి వెళ్లి సీసీటీవీ గదికి చేరుకున్నారు. ముష్కరులు ఏ అంతస్తులో ఏం చేస్తున్నారో ఆ తెరల మీద చూసి బయటికి చెప్పారు. చేతిలో పిస్తోళ్లు, ఎదురుగా ఏకే-47లు. అదనపు బలగం కోసం ఎదురుచూపులు. హర్యానాలోని మానేసర్ నుంచి జాతీయ భద్రతా దళం (ఎన్‌ఎస్‌జీ) కమాండోలు మర్నాటి ఉదయానికి గానీ ముంబయిలో రంగంలోకి దిగలేకపోయారు. తూటాల కొరత వల్ల ముంబయి పోలీసుల గురి అభ్యాసం కూడా సరిగా సాగడం లేదని ప్రధాన్ కమిటీయే రాసింది. ఈ వైఫల్యాలన్నీ నిజమే. వీటిపై డబ్బు ఖర్చు పెట్టారు, కొత్త బలగాలు పెంచారు, హైదరాబాద్‌తో సహా నాలుగు నగరాల్లో ఎన్‌ఎస్‌జీ కేంద్రాలు పెట్టారు. డబ్బుతో సరిపోని వైఫల్యం మరొకటి ఉంది, అది ఇంకా అలాగే ఉంది.

నారిమన్ హౌస్ ఇరుకు సందుల్లో ఉంది. చుట్టూ ఇళ్లు, మేడలు, మేడల మీద జనం, జనం మధ్యలో కెమెరాలు. నవంబరు 28 ఉదయం హెలికాప్టర్ నుంచి తాళ్ల సాయంతో కమాండోలు ఆ భవనం పైకప్పు మీదికి దిగడాన్ని దేశమంతా లైవ్‌లో చూసింది. దేశంతో పాటు కరాచీలో ఫోన్లు పట్టుకు కూర్చున్నవాళ్లు కూడా టీవీలు చూస్తూనే ఉన్నారు. దీనికి సాక్ష్యం ముష్కరులకూ వారిని నడిపిన సూత్రధారులకూ మధ్య సాగిన సంభాషణల్లోనే ఉంది. హోటల్‌లో మంత్రులున్నారట, ఏ గదిలో ఉన్నారో వెతకండి అని ఒకచోట. మీ పనిని మీడియా అమెరికాలో సెప్టెంబరు 11న జరిగిన దాడితో పోలుస్తోంది, ఒక పెద్ద పోలీసు అధికారి చనిపోయాడు అని మరోచోట. ప్రతిదీ మీడియాకెక్కుతోంది, వీలైనంత నష్టం చేయండి అని ఇంకోచోట. మన చానళ్లు ఉత్సాహంగా చదివిన ఊహాగానాలే నిమిషాల్లో హోటల్ గదుల్లోకి ఆదేశాలుగా చేరాయి.

ఇక్కడ పాఠకులు గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ సంభాషణలు దాడి ముగిశాక బయటపడినవి కావు. 26 అర్ధరాత్రి దాటిన తర్వాత నుంచే మహారాష్ట్ర ఉగ్రవాద నిరోధక దళం ఆ ఫోన్లను వింటూ రికార్డు చేస్తోంది. అంటే అవతలివాళ్లు టీవీ చూసి దారి చెబుతున్నారన్న సంగతి మన పోలీసు యంత్రాంగంలో కనీసం ఒక విభాగానికి 27వ తేదీ తెల్లవారకముందే తెలుసు. తెలిసి కూడా చానళ్ల సంపాదకులను పిలిచి ఆ మాట చెప్పినవారు లేరు. కెమెరాలను దృష్టికి అందనంత వెనక్కి నెట్టినవారు లేరు. ప్రతి రెండు గంటలకో మూడు గంటలకో ఒకచోట కూర్చుని అధికారిక సమాచారమిచ్చే ఏర్పాటు లేదు. పోలీసులు, నౌకాదళం, ఎన్‌ఎస్‌జీ, మంత్రులు, మాజీ అధికారులు ఎవరికి తోచింది వారు మైకు ముందు మాట్లాడారు. ఇక చానళ్లు ‘విశ్వసనీయ వర్గాల సమాచారం’ అని మొదలుపెట్టక ఏం చేస్తాయి?

అలాగని చానళ్ల తప్పు తేలికైనదని నేననను. చెప్పేవాడు లేడు కాబట్టి చూపించేశాం అన్న సమర్థన పిల్లవాడికి కూడా చెల్లదు. ఎవరూ చెప్పకపోయినా తెలియవలసిన సంగతి అది. తాడు పట్టుకుని దిగుతున్న మనిషి కింద పొంచి ఉన్నవాడికి ఎలా కనిపిస్తాడో ఊహించడానికి ప్రత్యేక శిక్షణ అక్కర్లేదు. 2012 ఆగస్టు 29న ప్రాణాలతో పట్టుబడిన ముష్కరుడు కసబ్ కేసులో తీర్పునిచ్చిన సుప్రీంకోర్టు న్యాయమూర్తులు జస్టిస్ ఆఫ్తాబ్ ఆలం, జస్టిస్ చంద్రమౌళి కె.ప్రసాద్‌ల ధర్మాసనం ఈ విషయంలో చాలా కటువుగా మాట్లాడింది. ప్రసారాల వల్ల ఫలానా జవాను గాయపడ్డాడని నిర్ధారించడం సాధ్యం కాదనీ, కానీ బలగాల పని వాటివల్ల మరింత కష్టంగా, ప్రమాదకరంగా మారిందనడంలో సందేహం లేదనీ చెప్పింది. ఆ దృశ్యాలను ముష్కరులందరినీ మట్టుబెట్టిన తర్వాత చూపించినా నష్టం లేదనీ, అప్పుడైతే టీఆర్పీలు అంతగా ఎగబాకేవి కావనీ ఎత్తిపొడిచింది. ఇందులో జాతి ప్రయోజనం గానీ సామాజిక ప్రయోజనం గానీ లేవనీ, ఉన్నది వ్యాపార ప్రయోజనమేననీ, వాక్ స్వాతంత్ర్యం పేరుతో దీన్ని సమర్థించుకోవడం చెల్లదనీ తేల్చింది. తీర్పు వచ్చిన రోజు కసబ్ ఉరిశిక్ష ఖరారైందన్న వార్త ముందు ఈ భాగం మరుగున పడిపోయింది. చానళ్లు దాన్ని పదేపదే చదివి వినిపించకపోవడంలో ఆశ్చర్యమూ లేదు.

ప్రత్యక్ష ప్రసారం కంటే తీవ్రమైన అపచారం మరొకటి జరిగింది. నారిమన్ హౌస్‌లో బందీలను పట్టుకున్న ముష్కరుడు ఫోన్ చేస్తే ఒక హిందీ చానల్ అతని మాటలను నేరుగా ప్రసారం చేసింది. బందీలను పట్టుకున్నవాడు కోరుకునేది మొదట వేదిక. ఆ వేదిక దొరికాక పోలీసు సంధానకర్తతో మాట్లాడవలసిన అవసరం అతనికి తగ్గిపోతుంది. నారిమన్ హౌస్‌లోని ముష్కరులు బేరానికి లొంగేవారు కారని నాకూ తెలుసు. అయినా సంధానానికి ఏ కొంచెం అవకాశముందో తేల్చుకోవలసింది యాంకర్ కాదు.

28వ తేదీన యంత్రాంగానికి ఉన్నట్టుండి మెలకువ వచ్చింది. శివాజీ టెర్మినస్‌లో మళ్లీ కాల్పులంటూ పుట్టిన వదంతి టీవీల ద్వారా నగరమంతా పాకి జనం పరుగులు తీశారు. అదే రోజు ఒక డీసీపీ ఆదేశంతో ముంబయిలో కేబుల్ ఆపరేటర్లు వార్తా చానళ్లను నిలిపివేశారు. గంటైనా గడవకముందే ఆ ఆదేశం వెనక్కిపోయింది. ఎంత అనాలోచితమైన చర్యో చూడండి! నగరంలో కేబుల్ ఆపితే చీకట్లో పడేది ముంబయి పౌరుడు. ఉపగ్రహం ద్వారా కరాచీలో చూసేవాడికి ఏ లోటూ లేదు. కెమెరాను సందు చివరే ఆపవలసిన పోలీసు అక్కడ ఆపలేక, ఇంట్లో టీవీ చూసేవాడి దగ్గర ఆపబోయాడు.

ఈ రెండు వైఫల్యాలూ ఒకే చోట కలిసే తీరుకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ 2010 ఆగస్టు 23న ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో కనిపించింది. ఉద్యోగం కోల్పోయిన రొలాండో మెండోజా అనే పోలీసు అధికారి, తన కొలువు తనకు తిరిగి ఇవ్వాలంటూ హాంకాంగ్ పర్యాటకుల బస్సును బందీ చేశాడు. తొలి గంటల్లో కొందరిని వదిలిపెట్టాడు, సంధానం సాగుతున్నట్టే కనిపించింది. కానీ ఆ బస్సులో టీవీ ఉంది. బయట ఏం జరుగుతోందో అతను లోపల కూర్చుని చూస్తున్నాడు. అక్కడికి వచ్చిన అతని తమ్ముణ్ణి పోలీసులు జనం మధ్య, కెమెరాల ముందు ఈడ్చుకుపోతుంటే ఆ దృశ్యం లైవ్‌లో వెళ్లింది, అతను చూశాడు, రెచ్చిపోయాడు. ఆ కీలక సమయంలో ఒక రేడియో విలేఖరి అతనితో ఫోన్‌లో ఇంటర్వ్యూ నడుపుతూ ఉండటంతో సంధానకర్తకు లైను దొరకలేదు. నగర మేయరూ పోలీసు ఉన్నతాధికారీ భోజనానికి రెస్టారెంటుకు వెళ్లి ఉన్నారు. ఆపైన బస్సు అద్దాలను సుత్తులతో బద్దలుకొట్టడానికి పోలీసులు పడిన పాట్లను కూడా ప్రపంచమంతా చూసింది. ఎనిమిది మంది పర్యాటకులు చనిపోయారు. తమ్ముణ్ణి అక్కడే అరెస్టు చేయాలన్నది పోలీసుల పొరపాటు, దాన్ని చూపించడం చానళ్ల పొరపాటు. రెండింటిలో ఏది లేకపోయినా మెండోజా ఆ దృశ్యం చూసేవాడు కాదు. అక్కడి విచారణ కమిటీ ఒకే నివేదికలో అధికారులనూ ప్రసార సంస్థలనూ తప్పుపట్టింది. మన దగ్గర ప్రధాన్ కమిటీ పోలీసుల గురించి రాసింది, సుప్రీంకోర్టు టీవీల గురించి రాసింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివే పని ఎవరికీ పడలేదు.

ముంబయి తర్వాత వచ్చిన మార్పులేమిటి? 2008 డిసెంబరులోనే వార్తా ప్రసార సంస్థల సంఘం, జస్టిస్ జె.ఎస్.వర్మ నేతృత్వంలోని తన ప్రమాణాల సంస్థ ద్వారా కొన్ని మార్గదర్శకాలు రాసుకుంది. అవి మంచివే, పాటించడం చానల్ మనస్సాక్షికి వదిలేసినవి. 2015 మార్చిలో కేంద్రం కేబుల్ టెలివిజన్ నిబంధనల్లో 6(1)(పి) అనే అంశం చేర్చింది. ఉగ్రవాద నిరోధక చర్యను భద్రతా దళాలు సాగిస్తున్నప్పుడు ప్రత్యక్ష ప్రసారం కూడదు, అది ముగిసేవరకూ ప్రభుత్వం నియమించిన అధికారి ఇచ్చే బ్రీఫింగులకే ప్రసారాలు పరిమితం కావాలి అన్నది దాని సారం. 2016 జనవరి నాటి పఠాన్‌కోట్ దాడి ప్రసారాలపై అదే ఏడాది నవంబరులో ఇదే నిబంధన కింద ఒక హిందీ చానల్‌ను ఒక రోజు మూసివేయాలని ఆదేశించి, విమర్శలు వచ్చాక దాన్ని నిలిపివేశారు. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత కేంద్ర సమాచార ప్రసార శాఖ ఈ నిబంధననే గుర్తుచేస్తూ, ముంబయిని ఉదాహరణగా చూపుతూ సలహా పత్రం జారీ చేసింది.

ఈ నిబంధనను నేను సమర్థిస్తాను. అయితే ఇందులో మూడు లోపాలున్నాయి. మొదటిది అన్నింటికంటే పెద్దది. అధికారి బ్రీఫింగు ఇస్తాడని నిబంధన అనుకుంటుంది తప్ప, ఇవ్వకపోతే ఏమిటన్నది చెప్పదు. చానల్ తప్పితే శిక్ష ఉంది. ఆరు గంటలపాటు ఎవరూ నోరు విప్పకపోతే శిక్ష లేదు. ఆ మౌనమే వదంతికి ఎరువు. రెండోది, అది ‘ఉగ్రవాద నిరోధక చర్య’కు మాత్రమే వర్తిస్తుంది. రేపు ఏ బ్యాంకులోనో బస్సులోనో ఉద్యోగం పోయిన మనిషో మతి చలించిన మనిషో తుపాకీతో పదిమందిని పట్టుకుంటే, అంటే మనీలా వంటిదే జరిగితే, దాన్ని ఉగ్రవాదమనలేం కాబట్టి చానళ్లు నిబంధన మాకు వర్తించదంటాయి. మూడోది, అది కేబుల్ టీవీని చూసి రాసింది. ఇవాళ మండలానికి పది యూట్యూబ్ చానళ్లున్నాయి. ప్రతి జేబులోనూ ఒక లైవ్ కెమెరా ఉంది. 2008లో చానళ్ల ప్రత్యక్ష ప్రసార వాహనాన్ని (ఓబీ వ్యాన్‌) ఆపితే సరిపోయేది, ఇప్పుడు గీత గీయడమొక్కటే దారి. జనాన్ని, కెమెరాలను దృష్టికి ఆనని దూరంలో నిలబెట్టడం పోలీసులు తప్ప వేరెవరూ చేయలేని పని.

పత్రికా స్వాతంత్ర్యానికి ఇది అడ్డుకట్ట కాదా అని కొందరు మిత్రులు అడుగుతారు. కాకుండా చూసుకోవాలనే నేనూ అంటాను. బ్రీఫింగ్ అధికారి చెప్పిందే వేదం అయితే రంగ్‌భవన్ సందు సంగతి మనకు ఎప్పటికీ తెలిసేది కాదు. విలేఖరి అక్కడ ఉండాలి, చూడాలి, రాసుకోవాలి, వీడియో తీసుకోవాలి. ప్రసారాన్ని మాత్రం ఆపరేషన్ ముగిసేవరకూ ఆపుకోవాలి. ముగిసిన మర్నాడు పోలీసులను ఎంత కఠినంగా ప్రశ్నించినా తప్పులేదు. మన దగ్గర జరుగుతున్నది సరిగ్గా దీనికి విరుద్ధం: కాల్పులప్పుడు కేకలు, కమిటీ నివేదిక వచ్చినప్పుడు మౌనం. 2011 ఫిబ్రవరిలో మల్కన్‌గిరి కలెక్టర్‌గా ఉన్న మన తెలుగు అధికారి వినీల్ కృష్ణను మావోయిస్టులు తీసుకుపోయినప్పుడు, ప్రొఫెసర్ హరగోపాల్ తదితరుల మధ్యవర్తిత్వంతో ఆయన క్షేమంగా తిరిగొచ్చారు. అడవిలో జరిగిన అపహరణనూ నగర నడిబొడ్డున జరిగిన ముట్టడినీ ఒకే గాటన కట్టలేం. కానీ ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో అందరికీ తెలిసివుంటే బందీలకు ఎంత మేలో అప్పుడు చూశాం.

ఇక మన రెండు రాష్ట్రాల సంగతి. హైదరాబాద్‌లో ఎన్‌ఎస్‌జీ కేంద్రముంది, ముంబయి దాడులకు ముందే ఏర్పడిన ఆక్టోపస్ అనే ఉగ్రవాద నిరోధక పోలీసు దళముంది. రైల్వేస్టేషన్లలోనూ మాల్స్‌లోనూ మాక్ డ్రిల్ జరిగితే కమాండోలు తాళ్ల మీద దిగే ఫొటోలు పత్రికల్లో చూస్తుంటాం. ఆ డ్రిల్‌లో ఒక డీఎస్పీ స్థాయి అధికారికి మైకు ఇచ్చి, ఎదురుగా ఇరవై మంది విలేఖరులను నిలబెట్టి, పావుగంటకొకసారి ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో సాధన చేయించిన ఫొటో నేనెప్పుడూ చూడలేదు. మొదటి గంటలో బారికేడ్లు ఎంత దూరంలో వేయాలి, చుట్టుపక్కల మేడలను ఎవరు ఖాళీ చేయించాలి, సంధానకర్త ఫోన్ లైనును ఇతరులు ఆక్రమించకుండా ఎవరు చూడాలి, బందీల బంధువులను కెమెరాల నుంచి దూరంగా ఎక్కడ కూర్చోబెట్టాలి అన్నవి కూడా కమాండో శిక్షణ అంత ముఖ్యమైనవే. వీటికి హెలికాప్టర్లు అక్కర్లేదు.

అందుచేత మీ పత్రిక ద్వారా రెండు విన్నపాలు చేస్తున్నాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ డీజీపీలు బందీల సంక్షోభంలో మీడియాతో వ్యవహరించే తీరుపై తమ దగ్గరున్న నియమాలేమిటో, బ్రీఫింగ్ అధికారిని ఎంతసేపట్లో నియమిస్తారో, రహస్యమైన భాగాలు మినహాయించి ప్రజల ముందు పెట్టాలి. లేకపోతే రాయించాలి, రాయించేటప్పుడు పాత్రికేయ సంఘాలను కూర్చోబెట్టుకోవాలి. రెండోది మీకే. తెలుగు పత్రికల్లో చాలావాటికి సొంత చానళ్లున్నాయి, అన్నింటికీ వెబ్‌సైట్లూ యూట్యూబ్ పేజీలూ ఉన్నాయి. బందీలు లోపల ఉండగా బలగాల కదలికలను మేం చూపించం, బందీలను పట్టుకున్నవాడితో ఫోన్‌లో మాట్లాడి ప్రసారం చేయం, బంధువుల ఏడుపును లైవ్‌లో పెట్టం అని మీ సంస్థ తన నియమాన్ని మొదటి పేజీలో ప్రచురించగలదా? ప్రచురిస్తే ఆ కాగితాన్ని కత్తిరించి దాచుకునే పాఠకుల్లో నేనొకణ్ణి.

భవదీయుడు,
ఒక పాఠకుడు, వరంగల్